ఓడ టిక్కెట్టు ఎవరు కొన్నారు?

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, పోర్టు పాత రోజుల గురించి రాద్దామనే అనుకున్నాను. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' ఓడ మన హార్బరులోకి వచ్చిన ముచ్చటో, 1948 మార్చి 14న నెహ్రూగారి చేతుల మీదుగా 'జల ఉష' నీటిలోకి దిగిన ముచ్చటో రాస్తే అందరూ సంతోషిస్తారు. కాని మన నెలవారీ సమావేశాల్లో డి.ఎ. బకాయిల తరువాత ఎక్కువగా వినబడుతున్న మాట వేరే ఉంది. "మనవడికి ఫారిన్‌లో సీటొచ్చిందండీ. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టమంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

2022 వేసవిలో ఈ ప్రశ్న మా ఇంటికీ వచ్చింది. పెద్ద మనవడికి అమెరికాలో ఎం.ఎస్. సీటు వచ్చింది. రెండేళ్ళ ఖర్చు లెక్కవేస్తే రూ. 40 లక్షలు దాటింది. మర్రిపాలెంలో నేను గ్రాట్యుటీతో పూర్తిచేసుకున్న ఇల్లు తప్ప మా కుటుంబంలో ఆ విలువకు తూగే ఆస్తి లేదు. ఆ రాత్రి మా ఆవిడ ఒక ప్రశ్న అడిగింది. "వెనకటి రోజుల్లో ఇన్ని బ్యాంకులు లేవు కదండీ. మరి పెద్ద పెద్ద వాళ్ళంతా సీమకెలా వెళ్ళి చదువుకొచ్చారు? వాళ్ళ ఓడ టిక్కెట్టు ఎవరు కొన్నారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం చదివిన సంగతులే ఈ వ్యాసం.

కాకినాడ ధర్మం, బోస్టన్ చదువు

ముందుగా మన కోస్తా వాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చెప్పుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఈయన మద్రాసులో వైద్యం చదివారు. ఆ చదువుకు కూడా మామగారే సాయం చేశారు. సోదరులు స్ప్రూ అనే పేగుల వ్యాధితో చనిపోవడం ఆయన మనసులో నాటుకుపోయింది. ఉష్ణమండల వ్యాధుల గురించి చదవాలని అమెరికాలోని హార్వర్డుకు దరఖాస్తు చేశారు. సీటు వచ్చింది, డబ్బు లేదు. నేటి మన పిల్లల పరిస్థితే.

ఆదుకున్నవారు ఇద్దరు. ఒకరు మళ్ళీ మామగారు. రెండవది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ. ఈ సత్యలింగ నాయకర్‌గారి కథ మన పోర్టువాళ్ళు తెలుసుకోదగ్గది. ఆయన కోరంగి ప్రాంతం నుంచి రంగూన్ వెళ్ళి, అక్కడి రేవులో ఓడ సరకుల వ్యాపారంలో పెద్ద ఆస్తి గడించారు. ఆ ఆస్తిని విద్యకు, ధర్మకార్యాలకు రాసిచ్చారు. అంటే బర్మా రేవులో మూటలు ఎక్కించి దింపగా వచ్చిన డబ్బు, ఒక తెలుగు డాక్టరును అట్లాంటిక్ దాటించడానికి ఊతమైంది.

అయితే ఆ సాయం అక్కడి ఖర్చులన్నిటికీ సరిపోయేది కాదు. 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరిన సుబ్బారావుగారు పగలు తరగతులకు వెళ్ళి, రాత్రిళ్ళు ఆసుపత్రిలో కూలి పనికి కుదిరారు. డాక్టరు పట్టా ఉన్న మనిషి రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసి కడుపు నింపుకున్నారు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధన నుంచి ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, బోదకాలు మందు వచ్చాయి. మనలో కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకునేవారు వారం వారం ఆ కాకినాడ ధర్మాన్ని తలుచుకోవచ్చు.

ఇందులో జమాఖర్చుల పుస్తకంలో రాయని పద్దు కూడా ఒకటుంది. మూడేళ్ళలో తిరిగివస్తానని భార్య శేషగిరిగారికి చెప్పి వెళ్ళిన ఆయన, 1948లో కన్నుమూసేదాకా మళ్ళీ స్వదేశం చూడలేదు. పుట్టిన కొడుకును చూసుకోకుండానే ఆ బిడ్డ పోయాడు. ఆమె ఇక్కడే ఉండిపోయారు. చదువు ఖర్చు అంటే టిక్కెట్టు, ఫీజు మాత్రమే అనుకునేవారు ఈ పద్దును కూడా చూడాలి.

రాజులు, దొరలు, ఒక వ్యాపారి

ఆ కాలంలో పైచదువుకు డబ్బు వచ్చే దారులు స్థూలంగా మూడు. మొదటిది సొంత కుటుంబం. మన పొరుగునే బరంపురంలో పెరిగిన వి.వి. గిరిగారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. తండ్రి పేరున్న వకీలు కాబట్టి అది సాధ్యపడింది.

రెండవది ప్రభుత్వ వేతనం. చిత్తూరు జిల్లావారైన కట్టమంచి రామలింగారెడ్డిగారు 1902లో భారత ప్రభుత్వ విద్యార్థివేతనంతో కేంబ్రిడ్జి వెళ్ళారు. అటువంటివి ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి.

మూడవది సంస్థానాధీశుల దాతృత్వం. దీనికి దేశమంతా చెప్పుకునే ఉదాహరణ డాక్టర్ అంబేద్కర్‌గారిది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌనుల చొప్పున మూడేళ్ళకు వేతనం ఇచ్చి న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపారు. తిరిగివచ్చి బరోడాలో పదేళ్ళు కొలువు చేయాలని షరతు. అక్కడినుంచి లండన్ వెళ్ళి చదువుతుండగా గడువు తీరిపోయింది. 1917లో చదువు మధ్యలో ఆపి రావలసివచ్చింది. బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టిన జీతం, కొల్హాపూరు షాహూ మహారాజుగారి సాయం, ఒక స్నేహితుడి దగ్గర అప్పు, ఈ మూడూ కలుపుకొని 1920లో మళ్ళీ లండన్ వెళ్ళి పట్టా పుచ్చుకున్నారు. అంతటి మేధావికీ ఒకేచోటి నుంచి డబ్బు రాలేదు.

ఈ మూడింటికీ భిన్నమైన దారి వేసినవాడు ఒక వ్యాపారి. 1892లో జంషెడ్‌జీ టాటా ఒక నిధి పెట్టారు. అది దానం కాదు, అప్పు. చదువుకొని సంపాదించాక తీర్చాలి. ఆ తీర్చిన సొమ్ముతో మరొకరు వెళ్ళాలి. తొలి ఎంపికల్లో ఇద్దరు మహిళా వైద్యులు ఉన్నారు. తరువాత రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్‌గారు లండన్‌లో చదువుకున్నది ఈ నిధి సాయంతోనే. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాం. ఈ పద్ధతిలో ఏరు దాటినవాడు తెప్పను వెనక్కి తోసి తీరాలి. వందేళ్ళు దాటినా ఆ నిధి నడుస్తూనే ఉంది.

మన వాల్తేరు సంగతి

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో బెజవాడ నుంచి వాల్తేరు వచ్చింది. తొలి ఉపాధ్యక్షుడు పైన చెప్పిన కట్టమంచివారే. పరాయి డబ్బుతో కేంబ్రిడ్జి చూసివచ్చిన మనిషి, మన పిల్లలకు ఇక్కడే అటువంటి చదువు దొరకాలని పట్టుబట్టారు. ఆయన తరువాత 1931లో వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు విదేశంలో చదివినవారు కారు. మద్రాసు చదువుతోనే 1936లో ఆక్స్‌ఫర్డుకు ఆచార్యుడిగా వెళ్ళారు. విశ్వవిద్యాలయం నిలబడడానికి జయపురం మహారాజు విక్రమదేవవర్మగారు ఏడాదికి లక్ష రూపాయల చొప్పున ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంతో నేను చెప్పనక్కరలేదు. కొద్దిమందిని సీమకు పంపే డబ్బుతో వందలమందికి ఊళ్ళోనే సైన్సు చదువు వచ్చింది.

ఆ చదువుకు ఫలితం కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. లోకం సి.ఆర్. రావు అని పిలుచుకునే గణాంక శాస్త్రవేత్త. ఆయన మన మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి, 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. పూర్తిచేశారు. పరిశోధన వేతనానికి పెట్టుకున్న దరఖాస్తు ఆలస్యమైందని తోసిపుచ్చారు. యుద్ధకాలపు ఉద్యోగం కోసం కలకత్తా వెళితే అదీ దక్కలేదు. ఆ ప్రయాణంలోనే మహలనోబిస్‌గారి గణాంక సంస్థ కంటబడింది. అందులో చేరారు.

1946లో కేంబ్రిడ్జిలోని పురావస్తు, మానవశాస్త్ర మ్యూజియం నుంచి పిలుపు వచ్చింది. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన పాత అస్థిపంజరాల కొలతలను మహలనోబిస్ పద్ధతిలో విశ్లేషించే మనిషి వారికి కావాలి. ఆ పని చేతనైనవాడు మన రావుగారు. మ్యూజియంలో జీతానికి పనిచేస్తూనే ఫిషర్ మహాశయుడి పర్యవేక్షణలో 1948లో డాక్టరేటు పొందారు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకొని, ఆ సంవత్సరమే 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. రావుగారిని పంపినవారు దాత కాదు, మామగారు కాదు. ఆయనకు వచ్చిన పనే ఆయన్ను పంపింది. నేడు అమెరికాలో అసిస్టెంట్‌షిప్ అంటున్నది ఇదే. ప్రయోగశాలలో సాయం చేస్తే, చిన్న తరగతులకు పాఠం చెబితే విశ్వవిద్యాలయమే ఫీజు తగ్గించి నెలకింత ఇస్తుంది.

గోధుమల వడ్డీ, ఉక్కు స్నేహం

స్వాతంత్ర్యం వచ్చే వేళకు ప్రభుత్వమే పెద్ద దాత అయింది. 1945 నుంచి యుద్ధానంతర నిర్మాణం కోసం వందలమంది యువకులను సర్కారు ఖర్చుతో విదేశాలకు పంపారు. 1950 ఫిబ్రవరి 2న అమెరికాతో ఫుల్‌బ్రైట్ ఒప్పందం కుదిరింది. ఆ డబ్బుతో అటునుంచి ఇటు వచ్చినవారూ ఉన్నారు. సముద్ర శాస్త్రవేత్త యూజిన్ లాఫాండ్ 1952లో అలా వాల్తేరు వచ్చి, మన విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని అధ్యయనం చేశారు.

1951లో కరువు రోజుల్లో అమెరికా మనకు గోధుమల కోసం 19 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. ఆ అప్పు మీద మనం కట్టిన వడ్డీలో 50 లక్షల డాలర్ల దాకా పుస్తకాలకు, అధ్యాపకుల రాకపోకలకు కేటాయించారు. తిన్న గోధుమల వడ్డీ చదువుగా తిరిగి రావడం చరిత్రలో అరుదైన విషయమే.

1954-55లో షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు జాతీయ విదేశీ విద్యార్థివేతనం మొదలైంది. బరోడా మహారాజు ఒక్క అంబేద్కర్‌గారికి చేసినదాన్ని ప్రభుత్వం పథకంగా చేసిందన్నమాట. 1960లో కామన్వెల్తు వేతనాలపై తొలి విద్యార్థులు వెళ్ళారు. అదే సంవత్సరం మాస్కోలో ప్రజామైత్రీ విశ్వవిద్యాలయం తెరిచి, మనవంటి దేశాల పిల్లలకు ఫీజు లేకుండా హాస్టలు, భత్యం ఇచ్చి చదివించారు. మన ఉక్కునగరం మిత్రులకు ఆ స్నేహం బాగా తెలుసు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన కర్మాగారానికి 1979లో సోవియట్ ఒప్పందం కుదిరింది. ఎందరో ఇంజనీర్లు అక్కడికి శిక్షణకు వెళ్ళి రష్యన్ మాటలు నేర్చుకొచ్చారు. 1991లో ఆ దేశమే విడిపోయింది. తరువాత అక్కడికి వైద్యవిద్యకు వెళ్ళిన మన పిల్లల్లో ఎక్కువమంది ఫీజు కట్టి చదివినవారే.

డబ్బున్నవాడికీ ఆ రోజుల్లో ఇంకో చిక్కు ఉండేది. రూపాయలుంటే చాలదు, డాలర్లు కావాలి. అవి రిజర్వు బ్యాంకు చేతిలో ఉండేవి. జేబులో ఎనిమిది డాలర్లతో విమానం దిగామని అరవైల్లో, డెబ్బైల్లో వెళ్ళినవారు నేటికీ చెప్పుకుంటారు. అందుకే ఆ తరంలో ఎక్కువమంది అసిస్టెంట్‌షిప్ చేతికొచ్చాకే బయలుదేరారు.

దాత వెళ్ళి బ్యాంకు వచ్చింది

2001లో బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణ పథకం తెచ్చింది. విదేశీ చదువుకు అప్పట్లో రూ. 15 లక్షల దాకా ఇవ్వవచ్చన్నారు. మధ్యతరగతికి ఇది పెద్ద వరమే. దరఖాస్తు పట్టుకొని ఏ జమీందారు గుమ్మం ముందూ నిలబడనక్కరలేదు. కాని దానంలో లేని ఒక సంతకం అప్పులో ఉంటుంది. అది సహరుణగ్రహీత సంతకం. చాలా ఇళ్ళలో ఆ సంతకం మన తరానిది.

ఒక లెక్క చూడండి. రూ. 30 లక్షల అప్పు, పది శాతం వడ్డీ అనుకుందాం. చదువు రెండేళ్ళు, ఆపైన ఏడాది గడువు. ఈ మూడేళ్ళూ వడ్డీ ఆగదు. బారువడ్డీ వేసుకున్నా రూ. 9 లక్షలు అవుతుంది. రూ. 39 లక్షలను పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు రూ. 51,500 కట్టాలి. పిల్లవాడికి ఉద్యోగం వస్తే ఇది భారం కాదు. రాకపోతే బ్యాంకువారి ఉత్తరం మన ఇంటి చిరునామాకే వస్తుంది.

దీనికి తోడు డాలరు. 1990లో సుమారు రూ. 17 ఉన్నది 2001లో రూ. 47, 2024లో రూ. 84 అయింది. రెండో ఏడు ఫీజు మొదటి ఏటి రూపాయల్లో లెక్కవేసుకోకూడదు.

ఇంకొక చిన్న విషయం. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో విద్యారుణం వడ్డీకి ఎనిమిదేళ్ళ దాకా మినహాయింపు ఉంది. అది తనకు, భార్యాభర్తలకు, పిల్లలకు, లేదా తాను చట్టబద్ధ సంరక్షకుడిగా ఉన్న విద్యార్థికి తీసుకున్న అప్పుకే. మనవడి కోసం తాత కట్టే వడ్డీకి మామూలుగా వర్తించదు.

మా ఇంట్లో జరిగింది

ఇంతా చదివిన నేనే ఒక పొరపాటు చేశానని ఒప్పుకోవాలి. ఒక కన్సల్టెన్సీ వారు "బ్యాంకు ఖాతాలో సొమ్ము చూపిస్తే చాలు, మూడు నెలలకు మేమే ఏర్పాటు చేస్తాం" అన్నారు. మనది కాని డబ్బును మనదిగా చూపించడం. వారికి కమీషను ఇచ్చాం. ఇంటర్వ్యూలో వీసా అధికారి ఆ సొమ్ము ఎక్కడిదని అడిగితే పిల్లవాడు నీళ్ళు నమిలాడు. వీసా రాలేదు. కమీషనూ రాలేదు. నలభై ఏళ్ళు లెక్కలు రాసిన నేను దొంగ లెక్కకు తలూపానని సిగ్గుపడ్డాను. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

ఆ తరువాతి ఏడాది మనవడు ఊళ్ళోనే ఒక చిన్న ఉద్యోగం చేస్తూ, ఏ ఏజెంటూ లేకుండా తనే పది విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లు చూసి, ఆచార్యులకు ఉత్తరాలు రాశాడు. ఇద్దరు జవాబిచ్చారు. ఒకరి దగ్గర ప్రయోగశాలలో పని, సగం ఫీజు మాఫీ దొరికాయి. అప్పు రూ. 18 లక్షలకు తగ్గింది. మా అబ్బాయి తన పేర ఉన్న స్థలం కాగితాలు పెట్టాడు. మేముంటున్న ఇంటి జోలికి వెళ్ళలేదు. 2023 ఆగస్టులో వాడు బయలుదేరాడు.

చరిత్ర చదివితే నాకు అర్థమైన క్రమం ఇది. మొదట పని, అంటే అసిస్టెంట్‌షిప్. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఆర్థిక సాయానికి ఒప్పుకోవడానికి ఏప్రిల్ 15 దాకా గడువిస్తాయి. తొందరపెట్టేవారి మాట వినక్కరలేదు. రెండవది ప్రభుత్వ వేతనాలు. జాతీయ పథకం ఉంది, ఫుల్‌బ్రైట్, కామన్వెల్తు, జర్మనీవారి డాడ్ ఉన్నాయి. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజే లేదు. జీవనానికి ఏడాది సొమ్ము ముందే ఖాతాలో ఉంచాలి. రాష్ట్ర పథకాల పేర్లు, షరతులు ప్రభుత్వాలతోపాటు మారుతున్నాయి గనుక సంక్షేమ శాఖ కార్యాలయంలో స్వయంగా విచారించుకోవాలి. మూడవది టాటా వంటి నిధులు. వీటి తరువాతనే బ్యాంకు. మనమున్న ఇల్లు అన్నిటికన్నా చివర. దరఖాస్తులు మాత్రం ఏడాది ముందు మొదలుపెట్టాలి. సి.ఆర్. రావుగారి అంతటి వారికే ఆలస్యం చేటు తెచ్చింది.

ఈ సందర్భంగా సంఘానికి ఒక మనవి. మన సభ్యుల్లో బ్యాంకుల్లో, విశ్వవిద్యాలయంలో పనిచేసి వచ్చినవారు ఉన్నారు. నెలకొక పూట వారు కూర్చొని సభ్యుల కుటుంబాల రుణపత్రాలు చదివి, సంతకం పెట్టే ముందు అర్థం చెప్పగలిగితే ఎన్నో ఇళ్ళు నిలుస్తాయి. పరీక్ష ఫీజులకు, దరఖాస్తు ఖర్చులకు టాటావారి పద్ధతిలో ఒక చిన్న తిరుగునిధి పెట్టుకోవచ్చు.

మా ఆవిడ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. సుబ్బారావుగారి టిక్కెట్టు మామగారు, రంగూన్ రేవు కలిసి కొన్నాయి. అంబేద్కర్‌గారిది ఒకసారి మహారాజు, ఒకసారి స్నేహితుడు. రావుగారిది ఆయన విద్యే. మా మనవడి విమానం టిక్కెట్టు నేను కొన్నాను, ఒక ఫిక్సెడ్ డిపాజిట్ రద్దుచేసి. ఆ డబ్బు నాకు తిరిగివ్వొద్దనీ, చేతికి జీతం వచ్చాక ఊళ్ళో మరో పిల్లవాడికి పరీక్ష ఫీజు కట్టమనీ వాడికి చెప్పాను. చదువు పూర్తయి ఉద్యోగంలో చేరిన మూడో నెలలో కట్టాడు. ఆ పిల్లవాడెవరో నేను అడగలేదు.

— ఒక విశ్రాంత పోర్టు ఉద్యోగి